ముక్కు చెప్పేది, కిట్టు చెప్పేది

"నీళ్లు కంపు కొడుతున్నాయంటే లోపల ఏదో చచ్చిందనే లెక్క. ఇందులో ఇంత ఆలోచించడానికేముందిరా?" అన్నాడు మేనమామ.

"బతికున్న పగడానికీ వాసన ఉంటుంది మావయ్యా. ముక్కును నమ్ముకుని రాళ్లన్నీ బయటికి తీస్తే చావనివి కూడా చస్తాయి" అన్నాడు మేనల్లుడు.

విజయవాడ పటమటలో ఒక ఫ్లాటు హాల్లో, 200 లీటర్ల ఉప్పునీటి తొట్టి ముందు సాగిన వాదన ఇది. తొట్టిలో నీలి దీపం కింద అరచేయంత లెదర్ కోరల్, మష్రూమ్ కోరల్స్ గుంపు, ఒక రాయి నిండా పరుచుకున్న జోవాలు, రెండు క్లౌన్ చేపలు ఉన్నాయి. మేనల్లుడు మందుల కంపెనీలో నాణ్యత పరీక్షలు చేసే ల్యాబ్ ఉద్యోగి. అంకె వేయలేనిదాన్ని అతను ఓ పట్టాన ఒప్పుకోడు. మేనమామకు నాగాయలంక వైపు రొయ్యల చెరువులున్నాయి. టైగర్ రొయ్య రోజుల నుంచి వనామీ దాకా అన్నీ చూసినవాడు. తెల్లవారుజామున గట్టెక్కి గాలి పీల్చి, ఇవాళ మేత వెయ్యాలో ఆపాలో చెప్పగలడు. తమ్ముణ్ని పిలిపించింది అక్కగారే. వారం రోజులుగా పొద్దున్నే హాల్లోకి వస్తే ముక్కు మూసుకోవాల్సి వస్తోందని ఆవిడ ఫిర్యాదు.

మేనల్లుడు ముందుగా నోటు పుస్తకం తెరిచాడు. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 10, పీహెచ్ 8.1, ఉప్పు లీటరుకు 35 గ్రాములు. "ఈ అంకెల్లో చావు ఎక్కడుందో చూపించండి" అన్నాడు.

మేనమామ పుస్తకం వైపు చూడలేదు. "నీ కిట్టులో కోడిగుడ్డు కంపుకు సీసా ఉందా?"

లేదు. ఇళ్లలో ఉప్పునీటి తొట్టెలు పెట్టుకునేవాళ్లు కొనే మామూలు కిట్లలో కుళ్లిన కోడిగుడ్డు కంపునిచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను కొలిచే రసాయనం ఉండదు. మేనల్లుడి లెక్కలు తప్పు కావు, అతను కొలిచినవన్నీ నిజంగా బాగానే ఉన్నాయి. అయితే కొలవనిదాని గురించి ఆ పుస్తకం ఏమీ చెప్పలేదు. మేనమామ మొదటి ప్రశ్నే అక్కడ తగిలింది.

మేనల్లుడు తగ్గలేదు. "మీకు తెలిసింది చెరువు వాసన. పగడం వాసన మీరెప్పుడైనా చూశారా?" అన్నాడు. ఇదీ న్యాయమైన ప్రశ్నే. సముద్రం పక్కనే పుట్టి పెరిగినా నాగాయలంక మనిషికి పగడపు దిబ్బ వాసన తెలిసే వీలు లేదు. కృష్ణ మోసుకొచ్చే ఒండ్రూ మంచినీరూ దిబ్బలు కట్టే పగడాలకు పడవు. మన దేశంలో పెద్ద దిబ్బలున్నవి మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల్లో. హంసలదీవి దగ్గర నిలబడి పీల్చే గాలిలో ఉండేది ఉప్పు, మడ అడవి, బురద.

మేనల్లుడు చేతికి గ్లవుజు తొడిగి, లెదర్ కోరల్ ఉన్న చిన్న రాయిని నీటి పైకి ఒక్క క్షణం ఎత్తాడు. అప్పటిదాకా తెరుచుకుని ఉన్న సన్నని నోళ్లన్నీ లోపలికి ముడుచుకుపోయాయి. మిగిలింది తోలులా నున్నగా, లేత గోధుమరంగులో మెరిసే చర్మం, దాని మీద నుంచి సాగుతూ జారిన జిగురు. మేనమామ వంగి వాసన చూశాడు. చాలాసేపు మాట్లాడలేదు.

"ఇది నీచు కాదు. కుళ్లు కూడా కాదు. ఏదో మందు వాసన" అన్నాడు చివరికి.

సరిగ్గా పట్టాడు. లెదర్ కోరల్స్‌కు రాతి పగడాల్లా గట్టి అస్థిపంజరం ఉండదు. పారిపోవడానికి కాళ్లు లేవు, దాక్కోవడానికి గూడు లేదు. అందుకని అవి టెర్పీన్లనే రసాయనాలను ఒంట్లో తయారుచేసుకుంటాయి. కర్పూరం, నిమ్మతొక్క, దేవదారు వాసనలు కూడా ఈ రసాయన కుటుంబంలోవే. కొరకబోయిన చేపకు అవి చేదుగా తగులుతాయి, పక్కన పెరుగుతున్న ఇంకో పగడాన్ని ఎదగనివ్వవు. తొట్టిలో యాక్టివేటెడ్ కార్బన్ సంచి వేలాడదీసేది ముఖ్యంగా ఈ రసాయనాలను పీల్చేయడానికే. లెదర్ కోరల్ అప్పుడప్పుడూ కొన్ని రోజులపాటు ముడుచుకుని, పైన మైనపు పొర కట్టి, తర్వాత ఆ పొరను విడిచేస్తుంది. చూసేవాళ్లకు చచ్చిపోతోందనే అనిపిస్తుంది. నీటి ఒరవడి బాగుంటే పొర కొట్టుకుపోయి కింద కొత్త చర్మం బయటపడుతుంది. ఒరవడి చాలకపోతే పొర అక్కడే అతుక్కుని, దాని కింద నిజంగానే కుళ్లు మొదలవుతుంది.

"మరి సముద్రం వాసన అంటారే, అదేంటి?" అని మధ్యలో అక్కగారు అడిగారు. మేనల్లుడికి ఇష్టమైన విషయం ఇది.

సముద్రపు గాలికి ఆ వాసననిచ్చే వాటిలో ముఖ్యమైనది డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధకపు వాయువు. చిక్కగా ఉంటే ఉడికిన క్యాబేజీ వాసన, పలచబడితే తీరపు గాలి వాసన. సముద్రం నుంచి గాలిలోకి గంధకాన్ని మోసుకుపోయేది ఇదేనని జేమ్స్ లవ్‌లాక్, ఆయన సహచరులు 1972లో చెప్పారు. దీనికి ముడిసరుకు డీఎంఎస్‌పీ అనే పదార్థం. సముద్రపు నాచులు దాన్ని ఒంట్లో దాచుకుంటాయి. పగడం కణాల్లో కాపురముండే సూక్ష్మమైన నాచు కూడా అంతే. పగడమనే జంతువు సొంతంగా దాన్ని చేయలేదని చాలాకాలం అనుకున్నారు. ఆస్ట్రేలియాలో ఆక్రోపోరా జాతి పగడాల పిల్లల్ని, ఇంకా నాచు చేరని దశలో పరీక్షించినవాళ్లు అవి సొంతంగానే డీఎంఎస్‌పీని తయారుచేస్తున్నాయని 2013లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. ఈ పని చేస్తుందని తేలిన మొదటి జంతువు పగడమే. నీటి వేడి పెరిగితే ఆ తయారీ ఇంకా పెరుగుతుంది. ఆటుపోటుల్లో నీరు తగ్గి పగడం గాలికి తేలినప్పుడు ఈ వాయువు గుప్పున బయటికి వస్తుంది. తొట్టిలోంచి రాయిని పైకెత్తినప్పుడు జరిగేదీ అదే.

"చూశారా, బతికున్నదాని వాసనే ఇది" అన్నాడు మేనల్లుడు.

"వేడికి పెరుగుతుందని నువ్వే అన్నావు కదరా. అంటే బాధలో ఉన్నా అదే వాసన వచ్చిద్ది. బాగున్నందుకు వస్తోందో బాధపడి వస్తోందో నీకెట్లా తెలుసు?"

మేనల్లుడి దగ్గర జవాబు లేదు. మే నెల విజయవాడలో ఇది ఊరికే అడిగిన ప్రశ్న కాదు. బయట 45 డిగ్రీలున్న రోజున తొట్టిని 26 దగ్గర నిలపాలంటే చిల్లరో ఏసీయో ఆగకుండా నడవాలి. ఆగిన రోజు పగడం ఎక్కువ జిగురు వదులుతుంది, వాసన చిక్కబడుతుంది. మామూలు రోజుల్లోనూ ఈ జిగురు తక్కువేం కాదు. పగడం ఒంట్లోని నాచు ఎండలో వండిన ఆహారంలో సగం దాకా జిగురు రూపంలో నీటిలోకి పోవచ్చని గ్రేట్ బ్యారియర్ రీఫ్ మీద చేసిన పరిశోధనలు చెప్పాయి. దిబ్బ మీద ఆ జిగురు ఇసుకలోని సూక్ష్మజీవులకు భోజనం. తొట్టిలో అది స్కిమ్మర్ కప్పులోకి చేరుతుంది.

ఆ కప్పు గురించి చెప్పుకోవాలి. స్కిమ్మర్ అంటే నీటిలో సన్నని బుడగలు ఊది, నురగకు అంటుకున్న జిడ్డునీ జిగురునీ పైకి తోసే గొట్టం. పైనున్న కప్పులో చేరేది డికాక్షన్ రంగు ద్రవం. గొట్టం మెడ చుట్టూ ఆకుపచ్చా గోధుమా కలిసిన మడ్డి వేలితో గీస్తే వచ్చేంత మందాన పేరుకుంటుంది. మేనల్లుడు ఆ కప్పు మూత తీయగానే అక్కగారు రెండడుగులు వెనక్కి వేశారు. ఎండుచేపల అంగట్లోని నీచును మూసిపెట్టి మగ్గబెట్టినట్టుంది ఆ వాసన. చేప ఒంట్లోని ట్రైమిథైలమీన్ ఆక్సైడ్‌ను బ్యాక్టీరియా విరిచి ట్రైమిథైలమీన్ చేస్తే వచ్చే వాసనే నీచు. కప్పులో చేరిన ప్రొటీన్లు కుళ్లినప్పుడూ ఇలాంటి అమీన్లే పుడతాయి. పగడాలు పెంచే ఇంట్లో దుర్వాసన అనగానే ఎక్కువసార్లు దొరికే దొంగ ఈ కప్పే. దాన్ని చూసి భయపడాల్సిన పని లేదు. తొట్టిలో ఉండకూడనిది బయటికి వచ్చిందన్నమాట. రెండు మూడు రోజులకోసారి కడగకపోవడం ఒక్కటే తప్పు.

"దొరికింది కదా, కడిగేస్తాను, ఇక గొడవ లేదు" అన్నాడు మేనల్లుడు.

"నేను గుమ్మంలోకి రాగానే తగిలింది ఇది కాదు. ఇది నీచు. అది కోడిగుడ్డు. రెండూ ఒకటేనా?"

"నాకైతే గుమ్మంలో ఏ వాసనా తెలియలేదు."

"నీకు తెలవదు. నువ్వు ఇందులోనే ఉంటున్నావు. మా చెరువు వాసన నాకు మాత్రం ఏం తెలిసిద్ది? బయటి ఊరి నుంచి మేత కంపెనీ కుర్రాడొచ్చి చెబితే తెలిసిద్ది."

ఈ మాట దగ్గర ఆగాలి. ఒకే వాసనలో కొన్ని నిమిషాలుంటే ముక్కు దాన్ని లెక్కచేయడం మానేస్తుంది. తొట్టి యజమాని ముక్కు కన్నా చుట్టం ముక్కు నమ్మదగింది కావడానికి కారణం ఇదే. హైడ్రోజన్ సల్ఫైడ్ విషయంలో ఇంకో మెట్టు ఉంది. అతి కొద్దిగా ఉన్నప్పుడు ముక్కు దాన్ని ఇట్టే పట్టేస్తుంది. గాలిలో పది లక్షల వంతులకు 100 వంతులు దాటితే మాత్రం ముక్కే మొద్దుబారిపోతుంది. వాసన పోయిందనుకున్న చోటే మనిషి ప్రాణం పోతుంది. మ్యాన్‌హోల్‌లో దిగినవాళ్లు పైకి రాలేకపోయారన్న వార్తల వెనక తరచుగా ఉండేది ఈ వాయువే. 200 లీటర్ల తొట్టి అంత దూరం పోదు. కానీ ముక్కు మీద మేనమామకున్న నమ్మకానికి ఒక హద్దుందని ఈ వాయువే చెబుతోంది.

మేనల్లుడు ఆ హద్దునే పట్టుకున్నాడు. అమ్మోనియా లీటరుకు పావు మిల్లీగ్రాము చేరితేనే చేపలకు ఇబ్బంది మొదలవుతుంది, ఆ మోతాదులో ఏ ముక్కూ దాన్ని పట్టలేదు అన్నాడు. "2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు తొట్టిలో ముందు అయిపోయేది ప్రాణవాయువు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, చస్తాయి. వాసన ఆ తర్వాత వస్తుంది. అంటే మీ ముక్కు చావు కబురు తెచ్చేదే కానీ జబ్బు కబురు తెచ్చేది కాదు."

"ప్రాణవాయువు తగ్గితే వాసన రాదని నాకూ తెలుసు. దానికి కళ్లున్నాయి. తెల్లారుజామున రొయ్య గట్టు వారకు చేరిందంటే ఏరేటర్ వెయ్యమనే. ఎవడు ముక్కొక్కటే వాడమన్నాడు?" అన్నాడు మేనమామ కొంచెం కోపంగానే.

ఆ కోపంలోనే ఆయన రెండు సలహాలిచ్చాడు. రెండూ ప్రమాదకరమైనవే.

మొదటిది, రాళ్లను బయటికి తీసి సలసల కాగే నీళ్లు పోసి బ్రష్షుతో రుద్దెయ్యమని. మేనల్లుడు దాదాపు అరిచాడు. ఆ రాయి మీదున్న జోవాలను చూపించాడు. రంగు రంగుల బొత్తాల్లా ఉండే ఈ జోవాంథిడ్లలో, ముఖ్యంగా పాలిథోవా జాతుల్లో, పాలిటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. జంతువుల నుంచి తెలిసిన విషాల్లో అతి తీవ్రమైన వాటిలో ఇదొకటి. హవాయిలో మావీ దీవిలోని ఒక నీటిగుంట దగ్గరికి పోకూడదని అక్కడివాళ్లు తరాలుగా చెప్పుకునేవారు. ఆ గుంటలోని పాలిథోవా నుంచే విషాన్ని వేరు చేసి 1971లో రిచర్డ్ మూర్, పాల్ షూయర్ 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. అలాస్కాలో 2012 నుంచి 2014 మధ్య అక్వేరియం దుకాణాల్లో, ఇళ్లలో ఈ పగడాల వల్ల ఊపిరితిత్తుల్లోకి విషం పోయిందని అనుమానించిన ఘటనలను అమెరికా సీడీసీ 2016లో నమోదు చేసింది. జ్వరం, దగ్గు, ఆయాసం, ఒళ్లునొప్పులు, నోట్లో లోహపు రుచి దీని లక్షణాలు. రాయిని ఉడికించినా వేడినీళ్లతో కడిగినా తుంపరలూ ఆవిరీ ఆ విషాన్ని గదంతా చిమ్ముతాయి. అంత బరువైన అణువు తనంతట తాను ఆవిరై ముక్కుకు చేరదు కాబట్టి ముందుగా హెచ్చరించే వాసనేదీ ఉండదు. జోవాలున్న రాయిని ముట్టుకోవాలంటే గ్లవుజు, కళ్లద్దాలు కావాలి. చేతి మీద తెగిన గాటుంటే ముట్టుకోకూడదు. వేడినీళ్లు ఎప్పటికీ వద్దు.

మేనమామ వెంటనే ఒప్పుకున్నాడు. వాదనలో పైచేయి కోసం ప్రాణం మీదికి తెచ్చుకునే రకం కాదు ఆయన.

రెండో సలహా మీద మాత్రం చాలాసేపు పట్టుబట్టాడు. తొట్టి ముందు అద్దానికి ఆనుకుని ఇసుక నాలుగు వేళ్ల మందాన ఉంది. కింది రెండు వేళ్లు నల్లబడి ఉంది. ఆయన దాన్ని చూడగానే "ఇదిగో నీ కోడిగుడ్డు. కర్ర పెట్టి కలిపెయ్. మేం చెరువుల్లో గొలుసులు లాగించమా? గ్యాసంతా పైకొచ్చి పోద్ది" అన్నాడు.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది. ఇసుక అడుగున ప్రాణవాయువు, దాని తర్వాత నైట్రేటు అయిపోయాక, కొన్ని బ్యాక్టీరియాలు ఈ సల్ఫేటుతోనే ఊపిరి తీసుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. మంచినీటి తొట్టిలో ఈ కంపు అరుదు, ఉప్పునీటిలో సులువు. ముడిసరుకు తేడాయే అందుకు కారణం. నలుపు రంగు మాత్రం విషం కాదు. ఇసుకలోని ఇనుము ఆ గంధకాన్ని పట్టుకుని ఐరన్ సల్ఫైడ్‌గా మారితే వచ్చే రంగు అది. అంటే అక్కడున్న విషంలో కొంత కట్టుబడి ఉంది. కర్ర పెట్టి కలిపితే, కట్టుబడనిదంతా ఒక్కసారిగా నీటిలోకి వస్తుంది. ఎకరాల చెరువులో పైన ఏరేటర్లు కొడుతుండగా, పంట మొదటి నుంచీ అలవాటుగా గొలుసు లాగితే అడుగున ఎక్కువ పేరుకోదు, వచ్చింది గాలిలో కలుస్తుంది. ఏళ్ల తరబడి కదపని 200 లీటర్ల పెట్టెలో ఆ విషం ఎటు పోతుంది?

మేనల్లుడు ఇదే చెప్పి, మేనమామ భాషలోనే ఇంకో మాట చేర్చాడు. "మీ నాగాయలంక మడ అడవిలో బురద కోడిగుడ్డు వాసనే కదా? ఆ అడవి చచ్చిందా?"

"చావలా. పీతలున్నాయి, రొయ్య పిల్లుంది, ఊపిరి వేళ్లు పైకి పెట్టుకుని చెట్టు బాగానే ఉంది" అని ఆయన ఒప్పుకున్నాడు. "కానీ అక్కడ రోజుకు రెండుసార్లు పోటొచ్చి కడిగిపోద్దిరా. నీ హాల్లోకి ఏ పోటొచ్చిద్ది?"

ఈ ఇద్దరి మాటల్లో ఈ వ్యాసకర్తకు అన్నిటికన్నా విలువైనవిగా తోచినవి ఇవే. ఒకే వాసన మడ అడవిలో ఆరోగ్యం, చెరువులో నష్టం, తొట్టిలో ప్రమాదం. వాసన చూసి మంచో చెడో తేల్చేయాలనుకుంటే మేనమామ లాంటి ముక్కు కూడా తప్పు చెబుతుంది. వాసన ఏ రకందో, ఎక్కడి నుంచో, ఏ వేళకు వస్తోందో అడిగితే మాత్రం అదే ముక్కు ఏ కిట్టూ చెప్పనిది చెబుతుంది.

ఆ మూడో ప్రశ్న మేనమామే అడిగాడు. "అక్కా, రోజంతా ఉంటోందా, పొద్దున్నేనా?"

"పొద్దున్నే. అదీ రోజూ కాదు. మొన్న గాలివానకు రాత్రి కరెంటు పోయింది చూడు, ఆ మర్నాడు భరించలేకపోయాను. దానికి ముందు ఇంకోసారి కూడా అంతే."

మేనల్లుడి పుస్తకంలో వారం వారం అంకెలున్నాయి కానీ కరెంటు పోయిన రాత్రుల లెక్క లేదు. రాత్రి దీపం ఆరాక తొట్టిలో ప్రాణవాయువు తగ్గుతుంది, పగలు నాచు పీల్చుకున్న బొగ్గుపులుసు వాయువు తిరిగి పోగై పీహెచ్ దిగుతుంది. పీహెచ్ దిగేకొద్దీ సల్ఫైడ్‌లో విషవాయువు రూపంలో ఉండే వాటా పెరుగుతుంది. 8 దాటితే అది పదో వంతుకు అటూ ఇటూ, 7 దగ్గరైతే సగం దాకా. అమ్మోనియాది దీనికి తిరగబడిన లెక్క, పీహెచ్ పెరిగితే విషం. రొయ్యల రైతులకు ఈ రెండూ కొట్టినపిండి. మేనమామ దీన్ని చెరువు భాషలో చెప్పాడు, మేనల్లుడు సమీకరణం రాసి చూపించాడు. ఇద్దరూ చెప్పింది ఒకటే.

"రాత్రి కరెంటు పోతే ఏవేవి ఆగుతాయి?"

"వేవ్ మేకర్ ఇన్వర్టర్ మీద ఉంది, ఆగదు. స్కిమ్మర్ ఆగుతుంది. క్యానిస్టర్ ఫిల్టర్ ఆగుతుంది."

"అదెక్కడుంది?"

తొట్టి కింద అలమరలో ఉంది. మూత బిగించిన బకెట్టంత డబ్బా, లోపల స్పాంజీలు, పింగాణీ రింగులు. మోటారు నడిచినంతసేపూ దానిలోంచి తొట్టి నీరు ప్రాణవాయువుతో పారుతుంది. ఆగిందంటే లోపల లక్షల కోట్ల బ్యాక్టీరియా ఆ కొద్ది నీటిలోని ప్రాణవాయువును త్వరగా తాగేస్తుంది. నెలల తరబడి కడగని స్పాంజీ మడతల్లో అప్పటికే గాలాడని చోట్లుంటాయి. తెల్లవారుజామున కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరిగి, లోపల మగ్గిందంతా తొట్టిలోకి కక్కుతుంది. వేవ్ మేకర్ దాన్ని కలియబెడుతుంది, హాలంతా వాసన కమ్ముతుంది. నీటిలోని ప్రాణవాయువు కొన్ని గంటల్లో సల్ఫైడ్‌ను విరిచేస్తుంది, కొంత గాలిలో కలుస్తుంది. మేనల్లుడు ఆఫీసు నుంచి వచ్చి సాయంత్రం పరీక్ష చేసేసరికి అన్నీ సున్నాలే.

బాల్కనీలోకి తీసుకెళ్లి క్లిప్పులు విప్పి మూత ఎత్తారు. పై స్పాంజీ గోధుమరంగు, మధ్యది ముదురు, అడుగుది నల్లగా జారుతోంది. ఒక నత్త గుల్ల కూడా దొరికింది. గొట్టంలోంచి ఎప్పుడు దూరిందో తెలియదు, లోపలి కండ కరిగిపోయి ఉంది. వచ్చిన వాసనకు పక్క ఫ్లాటువాళ్లు కిటికీ వేసుకున్నారు. పగడాలకు ఈ కథలో ఏ పాత్రా లేదు.

మేనమామ గెలిచాననలేదు, మేనల్లుడు ఓడాననలేదు. ఏదో చచ్చిందన్న మాట ఒక నత్త వరకూ నిజమైంది, పగడాలు బాగున్నాయన్న మాట పూర్తిగా నిజమైంది. ఆ సాయంత్రం నుంచి పుస్తకంలో రెండు గడులు పెరిగాయి. ఒకటి కరెంటు పోయిన వేళ, రెండోది అక్కగారి ముక్కు. రెండోది ఆవిడే రాయాలని మేనల్లుడి షరతు, ఎందుకంటే ఆవిడ గుడికి వెళ్లి తిరిగొచ్చాక తాజా ముక్కుతో గుమ్మంలోకి వస్తుంది. కరెంటు పోయి వచ్చాక ఫిల్టర్ తనంతట తాను మొదలవకుండా, లోపలి నీరు పారబోశాకే నడిపేలా వైరు మార్చాలని అనుకున్నారు.

స్పాంజీలు ఆరుతుండగా మేనమామ ఇంకో సంగతి అడిగాడు. ఈ పగడాలు ఎక్కడివి, చట్టం ఒప్పుకుంటుందా అని. ఎవరూ దాటవేయకూడని ప్రశ్న ఇది. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ, నల్ల పగడాలనూ, ఆర్గాన్ పైప్, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్ జాతులనూ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. లెదర్, మష్రూమ్, జోవాలు ఆ పేర్లలో లేవు. మేనల్లుడివి ఇంకో పెంపకందారు తొట్టిలో పెరిగినదాన్ని కోసి ఇచ్చిన ముక్కలు. "రాతి పగడం అమ్ముతామని ఫోన్లు వస్తాయి. కొనను" అన్నాడు. మేనమామ తలూపాడు.

నల్ల ఇసుక దగ్గర మాత్రం రాజీ కుదరలేదు. వారం వారం నీళ్లు మార్చేటప్పుడు ఒక మూల నుంచి అరచేయంత మేర సైఫన్ గొట్టంతో లాగేస్తానని, మొత్తం పోవడానికి కొన్ని నెలలు పడుతుందని, ఆ పక్కన బ్రిసిల్ పురుగులూ నత్తలూ బతికే చోటు మిగలాలని మేనల్లుడి పథకం. మేనమామకు అది నచ్చలేదు. పంట తీశాక చెరువు ఎండబెడతాం, అడుగు బీటలు వారేదాకా ఆగుతాం, నల్లమట్టి ఎత్తి పోసి, దున్ని, సున్నం చల్లాకే మళ్లీ నీళ్లు పెడతాం అన్నాడు. "ఐదేళ్లు ఎండబెట్టని చెరువును నేనెక్కడా చూడలేదురా."

"దిబ్బ పక్కన ఇసుకను ఎవరు ఎండబెడతారు మావయ్యా?"

"పోటుంది, పురుగుంది, పెద్ద చేపుంది. నీకు ఏదుంది?"

"పురుగుంది. పోటు బదులు బకెట్టుంది."

మేనమామ అద్దం దగ్గరికి వంగి, నల్ల చారకు పైన ఇసుకలో సన్నని సొరంగాలు తవ్వుకుంటూ పోతున్న పురుగును చూశాడు. దసరాకు వచ్చినప్పుడు ఈ చార ఎంత మిగిలిందో చూస్తానని, తగ్గకపోతే తనే తోడేస్తానని చెప్పి, అద్దం మీద చార అంచు దగ్గర పెన్నుతో గీత గీసి, పక్కన తేదీ వేయించాడు.